కేస్‌షీట్ క్షేమంగా ఉంది

మన ఆసుపత్రులు రోగుల రహస్యాలు కాపాడటం లేదని ఈ మధ్య కొందరు గొణుగుతున్నారు. పచ్చి అబద్ధం. సాక్షాత్తూ రోగే వచ్చి కాళ్లావేళ్లా పడినా ఆ రహస్యం బయటికి రాదు. కావాలంటే మా మామయ్యని అడగండి.

మామయ్యకి 68 ఏళ్లు. పోయిన చలికాలంలో ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. ఆసుపత్రి పేరు చెప్పను. గోప్యత మనకీ చాతనవునని వాళ్లకి తెలియాలి కదా. చేరిన రోజే మామయ్య ఇంటిపేరు మారిపోయింది. "ప్రోస్టేట్ పెద్దాయన ఎవరండీ, స్కానింగుకి రండి" అని వార్డుబాయ్ కారిడార్ ఈ చివర నుంచి కేకేస్తే, ఆ చివర టీ తాగేవాళ్లు కూడా తలలు తిప్పి వెతికారు. మామయ్య గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. రెండో కేకకి పక్క కుర్చీలోని హెర్నియా ఆయన "మిమ్మల్నేనండీ" అని భుజం తట్టాడు. సాయంత్రానికల్లా ఎదురు బెడ్ పేషెంటు భార్య వచ్చి, వాళ్ల మరిదికి గుణమిచ్చిన పల్లేరుకాయల కషాయం ఎలా కాచాలో మా అత్తయ్యకి చెప్పి వెళ్లింది. ల్యాబ్ కుర్రాడు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు ఒక అంకె తేడాతో ఇంకెవరికో పోయింది. ఆ మహానుభావుడు దాన్ని ల్యాబ్‌కి తిప్పి పంపుతూ, గులాబీ బొమ్మ కింద 'గెట్ వెల్ సూన్' అని పెట్టాడట.

దీన్ని లీకు అనకూడదు. పదిమందికీ తెలిసింది రహస్యమెలా అవుతుంది? రోగికి తెలియనిదే అసలు రహస్యం. అది బేస్‌మెంట్‌లో, మెడికల్ రికార్డ్స్ గదిలో ఉంటుంది.

డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చారు కదా అంటారా? ఇచ్చారు, పేజీన్నర. రాత్రి 2 గంటలకి బీపీ ఎందుకు పడిపోయింది, అప్పుడు ఏం ఎక్కించారు, మత్తు డాక్టరు చార్టులో ఏం రాశారు, ఇవన్నీ ఉండేది కేస్‌షీట్‌లో. ఇంకో డాక్టరు చూస్తానన్నది కూడా అదే. సరే, కిందికి దిగాం.

"కేస్‌షీట్ కాన్ఫిడెన్షియల్ సార్. బయటివాళ్లకి ఇవ్వం."

"పేషెంటు ఈయనే."

గుమాస్తా కళ్లజోడు పైనుంచి మామయ్యని ఎగాదిగా చూశాడు. "ఈయనే అని రుజువేంటి?"

"ఆధార్ కాపీ చేర్చుకునేటప్పుడే తీసుకున్నారుగా."

"అది ఫైల్లో ఉంటుంది. ఫైలు కాన్ఫిడెన్షియల్."

ఇలాంటి తర్కానికి దండం పెట్టి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు, నిబంధన చెప్పాను. భారత వైద్య మండలి 2002లో రాసిన నియమావళి ప్రకారం, రోగి గానీ, అతను అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇవ్వకపోతే అది డాక్టరు దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. రోగి గుట్టు ఎవరికీ చెప్పకూడదన్నదీ ఆ నియమావళే. కోర్టు ఆదేశించినా, ఎవరికైనా ప్రమాదం ఉన్నా, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బయినా చెప్పొచ్చు. ఈ గుట్టు రోగికీ చెప్పకూడదని మాత్రం అందులో లేదు. ఆ లోటు మా గుమాస్తా పూడ్చాడు. 2023 ఆగస్టులో, ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ ఆ 72 గంటల్ని ఐదు పనిదినాలు చేస్తూ కొత్త నియమాలు తెచ్చి, అదే నెలలో వాటిని పక్కన పెట్టేసింది. ఫైళ్లే కాదు, వాటిని ఇవ్వమనే నియమాలు కూడా భద్రంగా దాచుకునే దేశం మనది.

మామయ్యకి 14 అంకెల ఆభా నంబరు, అంటే కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు, కూడా ఉంది. రోగి సరేనంటేనే రికార్డులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలేలా దాని ఏర్పాటు. మామయ్య అన్నిటికీ సరే అన్నాడు. యాప్ తెరిస్తే ఏమీ లేదు. ఖాళీ బీరువాకి దొంగల భయమేముంది!

అర్జీ పెట్టాం, డబ్బు కట్టాం, రెండుసార్లు తిరిగాం. సంతకం పెట్టే మేడమ్ ఒకసారి లీవు, ఒకసారి మీటింగు. తొమ్మిదో రోజున జిరాక్సు కట్ట చేతికొచ్చింది. మామయ్య అక్కడే బెంచీ మీద కూర్చుని, వేలు తడిచేసుకుంటూ ఒక్కో కాగితం తిప్పాడు. మధ్యలో ఒకచోట ఆగి, చప్పున ఆ కాగితాన్ని బోర్లించేశాడు.

"ఏంటి మామయ్యా?"

"ఎవరో అమ్మాయి కడుపు స్కానింగుదిరా. పేరూ అదీ ఉంది. మనం చూడకూడదు."

దాన్ని నాలుగు మడతలు పెట్టి, కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి, అక్షరం బయటికి కనపడకుండా గుమాస్తాకి అందించబోయాడు. గుమాస్తా చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అలా ఎలా తీసుకుంటామండీ? ఆవిడ దగ్గర్నుంచి ఆథరైజేషన్ లెటర్ తెచ్చారా?"