గ్రంథాలయానికి సోలార్ సరే, పడమటి గోడ సంగతేంటి?

పెరుగుతున్న పట్టణానికి కొత్త గ్రంథాలయం మంజూరైతే మొదట వినపడే మాట 'పైన సోలార్ పెడదాం' అని. నిజానికి అది చివరి పని. కరెంటు బిల్లులో సగం పునాదికి ముగ్గు పోసిన రోజే తేలిపోతుంది.

ఆంధ్రలో చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉంటాయి. పడమటి ఎండ లోపలికి కొట్టేదీ, పగలంతా కాగిన శ్లాబు వేడి కక్కేదీ ఆ సాయంత్రమే. వాలుగా వచ్చే ఆ ఎండ సన్‌షేడ్‌కి లొంగదు. అందుకని పడమట మెట్లు, టాయిలెట్లు, స్టోర్‌రూమ్ పెట్టి, చదివే హాలుకు ఉత్తరం వైపు కిటికీలు ఇవ్వాలి. దక్షిణపు గోడ కథ వేరు. విజయవాడ దగ్గర మార్చి 21 నుంచి సెప్టెంబరు దాకా 5 అడుగుల కిటికీకి అడుగున్నర సన్‌షేడ్ సరిపోతుంది. శ్లాబుకు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్‌రూఫ్ పూత తప్పనిసరి.

కిటికీ వెలుతురు దాని పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరమే వస్తుంది. ఆ పైఅంచు, అంటే లింటెల్, 7 అడుగుల ఎత్తులో ఉంటే 14 నుంచి 17 అడుగులు. అసలు తప్పు వైరింగ్‌లో జరుగుతుంది. ఒకే స్విచ్ మీద ఉండే లైట్ల వరసను కిటికీ గోడ నుంచి ఎదుటి గోడకు లాగుతారు. లోపలి మూలలో చీకటి పడగానే స్విచ్ వేస్తే కిటికీ పక్క ట్యూబులూ వెలుగుతాయి. వరస కిటికీకి సమాంతరంగా ఉంటే ఈ బాధ లేదు, పైసా అదనపు ఖర్చూ లేదు.

పోటీ పరీక్షల పిల్లలు కూర్చునే హాలు రోజుకు పది గంటలు నడుస్తుందనుకుందాం. 75 వాట్ల ఫ్యాన్లు ఇరవై ఉంటే 15 యూనిట్లు, తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లయితే 6. అయితే పాత రెగ్యులేటర్ తీసేసి బిగించాలి, లేకపోతే ఫ్యాన్‌లోని సర్క్యూట్ బోర్డు పోవచ్చు.

కోస్తాలో పుస్తకాల గదికి పగలు ఏసీ వేసి రాత్రి ఆపడం మంచిది కాదు. చల్లబడ్డ పుస్తకాలకు తేమ గాలి తగిలి బూజు పడుతుంది. ర్యాకును బయటి గోడకు అరడుగు ఎడంగా పెట్టి, గాలి ఆడనిస్తే చాలు.

ఇంత చేశాక సోలార్. కిలోవాట్‌కు నీడ పడని వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. ఎక్కువ ఉత్పత్తి మిట్టమధ్యాహ్నం, రెండు పూటలే తెరిచే శాఖలు మూసి ఉండే వేళ. మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపి లెక్కగట్టే నెట్ మీటర్ లేకపోతే అది వృథానే. ఇక దుమ్ము పట్టిన ప్యానెళ్లు కడిగే మనిషికి డబ్బెక్కడిది? ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంది. మున్సిపాలిటీలు వసూలు చేసిన ఆ సొమ్ము శాఖలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరాలి, అంతే.