‘వాకింగ్ 30 ని.’ అంటే సరిపోదు, వేగం కూడా రాయాలి

మందుల చీటీ మీద ప్రతిదీ ఎంత కచ్చితంగా ఉంటుందో చూడండి. మెట్‌ఫార్మిన్ 500, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక. గ్లిమెపిరైడ్ 1, టిఫిన్‌కి ముందు. అడుగున ఎక్కడో, చోటు మిగిలితే, ‘వాకింగ్ 30 ని.’ అని ఉంటుంది. ఎంత వేగంగా నడవాలో, ఆయాసం ఎంతవరకు రావాలో రాసి ఉండదు. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో మనం చేస్తున్న పెద్ద పొరపాటు ఈ ఒక్క లైనులోనే ఉందని నా నమ్మకం.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్ దశలో, అంటే షుగర్ వచ్చే ముందు దశలో, ఉన్నారు. వీళ్లలో చాలామంది చెప్పినట్టే నడుస్తున్నారు కూడా. సాయంత్రం ఏ పార్కుకి వెళ్లినా కనిపిస్తారు. పిల్లల వీసాలు, పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటూ నాలుగు రౌండ్లు వేసి వస్తారు. మనసుకి అది చాలా మంచిది. కానీ మూడు నెలలకోసారి చేయించే పరీక్షలో నంబరు కదలకపోతే, ‘ఇంత నడిచినా లాభం లేదు’ అని మానేసేదీ వాళ్లే.

తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వచ్చాక దాన్ని ఎక్కువగా లాగేసుకునేవి కండరాలు. మామూలుగా ఇన్సులిన్ వచ్చి తలుపు తడితేనే అవి తీస్తాయి. టైప్-2 మధుమేహంలో ఆ చప్పుడు వాటికి సరిగ్గా వినపడదు. అయితే కండరం కష్టపడి పనిచేసినప్పుడు, గ్లూకోజ్‌ను లోపలికి చేరవేసే గ్లూట్-4 అనే ప్రొటీన్ ఇన్సులిన్ కోసం ఆగకుండా కణం అంచుకి వచ్చేస్తుంది. వేగం పెంచితే, మెల్లటి నడకలో పెద్దగా కదలని కండర తంతువులు కూడా పనిలోకి దిగుతాయి. లోపల దాచుకున్న గ్లూకోజ్ నిల్వ, అంటే గ్లైకోజెన్, త్వరగా ఖర్చవుతుంది. ఆ ఖాళీ నింపుకోవడానికి కండరం ఆ తర్వాత గంటల తరబడి గ్లూకోజ్ తీసుకుంటూనే ఉంటుంది.

2011లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 8 మంది టైప్-2 పేషెంట్లతో వారానికి 3 రోజులు సైకిల్ తొక్కించారు. ఒక నిమిషం గుండె వేగం దాని గరిష్ఠంలో 90 శాతానికి చేరేలా, ఒక నిమిషం తేలిగ్గా, ఇలా 10 సార్లు. రెండు వారాలకే రోజు మొత్తం సగటు షుగర్ సుమారు 137 నుంచి 119కి దిగింది. చిన్న అధ్యయనమే, కాదనను. పైగా అరవై ఏళ్ల మనిషిని నేరుగా అలాంటి సైకిల్ ఎక్కించమని నేను చెప్పను.

మనకి పనికొచ్చేది డెన్మార్క్‌లో 2013లో చేసి చూసిన పద్ధతి. మూడు నిమిషాలు జోరుగా నడవాలి, మూడు నిమిషాలు మెల్లగా. రోజుకి గంట, వారానికి 5 రోజులు, 4 నెలలు. పక్క గుంపు అంతే శక్తి ఖర్చయ్యేలా ఒకే వేగంతో నడిచింది. జోరు మార్చి నడిచినవాళ్లు సగటున 4 కిలోలకు పైగా తగ్గారు, దమ్ము పెరిగింది, రోజంతటి షుగర్ మెరుగైంది. ఒకే వేగంతో నడిచినవాళ్లలో ఆ మార్పు రాలేదు. అలాగని మామూలు నడక దండగ అనుకోవద్దు. కదలకుండా కూర్చోవడం కంటే అది ఎప్పుడూ మేలే.

మా బావగారు ఇది మొదలుపెట్టిన రెండో రోజు నాకు ఫోన్ చేశారు. నడవకముందు 148, వచ్చాక 176. ఆయనకి ఒకటే టెన్షన్. గట్టిగా ఆయాసపడినప్పుడు అడ్రినలిన్ లాంటి హార్మోన్లు లివర్ నుంచి గ్లూకోజ్‌ను బయటికి వదిలిస్తాయి, అందుకే కాసేపు నంబరు పైకి పోవచ్చు. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆయన ఆ రాత్రి నిద్ర పోగొట్టుకునేవారు కాదు. వ్యాయామం అవ్వగానే వచ్చిన ఒక్క రీడింగ్ పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో గుండెకి రక్తం తగ్గినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. కంటి రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చిన దశలో గట్టిగా శ్రమిస్తే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. పాదాలకి స్పర్శ లేనివాళ్లకి చెప్పు ఒరుసుకున్నా తెలియదు, మర్నాడు సాక్సుకి రక్తం మరక కనిపిస్తే తప్ప. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకి షుగర్ పడిపోవచ్చు. అదీ అప్పుడే కాకుండా అర్ధరాత్రి కూడా జరగొచ్చు. బీపీకి బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లు చేతి గడియారం చూపించే గుండె వేగాన్ని నమ్ముకోకూడదు, ఆ మందే దాన్ని తగ్గించి ఉంచుతుంది. ఇంతా చూడాల్సి ఉంటే, జిమ్‌లో ‘షుగర్ తగ్గించే హిట్ ప్యాకేజీ’ (హిట్ అంటే ఇలా జోరు పెంచుతూ, తగ్గిస్తూ చేసే గట్టి వ్యాయామం) అని బోర్డు పెట్టి, కళ్లు, పాదాలు, ఈసీజీ సంగతి అడగకుండానే డబ్బు కట్టించుకోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

30 ఏళ్లు దాటినవాళ్లకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ చూస్తున్నారు, మాత్రలు ఇస్తున్నారు. అక్కడే ఇంకో పావుగంట కేటాయించి పాదాలు తాకి చూడాలి, కళ్ల పరీక్షకి పంపాలి, మెట్లెక్కితే ఏమవుతుందో అడగాలి. ఆ తర్వాత చీటీ మీద వేగం కూడా రాయాలి. దీనికి యంత్రం అక్కర్లేదు. జోరుగా నడిచేటప్పుడు నాలుగు మాటలకి మించి ఒకేసారి అనలేకపోవాలి, మెల్లగా నడిచేటప్పుడు ఊపిరి కుదుటపడాలి. మొదటి వారం జోరు ఒక నిమిషమే చాలు.

మా అత్తయ్యకి ఫోన్‌లో టైమర్ పెట్టుకోవడం రాదు. వాళ్ల వీధిలో ఫుట్‌పాత్ లేదు, కుక్కల భయం ఒకటి. అందుకని ఐదున్నరకే, చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, కాన్వాస్ బూట్లు వేసుకుని బయల్దేరుతుంది. కళ్ల డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టింది. నాలుగు కరెంటు స్తంభాలు గబగబా, నాలుగు నిదానంగా. కొంగు ముడిలో రెండు గ్లూకోజ్ బిళ్లలు ఉంటాయి.