ఇల్లు వచ్చింది, అంగడి ఏది?

మా చిన్నమ్మకు సర్కారు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చిందని తెలిసిన రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చాం. వానాకాలం వస్తే మూసీ నీళ్లు గడప దాటే బస్తీలో ముప్పై ఏళ్లు బతికిన మనిషి. ఊరవతల ఏడో అంతస్తులో రెండు గదులు, వంటిల్లు, నల్లా తిప్పితే నీళ్లు. కట్టించినవాళ్లకు ఈ రోజుకీ దండం పెడతాను.

మొన్న ఆదివారం వెళ్లాను. చాయ్‌లోకి అల్లం లేదని మోకాళ్ల నొప్పులతో కిలోమీటరున్నర నడిచి తెచ్చింది. కాలనీలో షాపింగ్ కాంప్లెక్స్ లేదా అంటే, ఉంది. మెయిన్ గేటు పక్కన, కాలనీకి వీపు, రోడ్డుకు మొహం పెట్టి కట్టారు. పన్నెండు షటర్లలో తెరిచినవి మూడే: మొబైల్ షాపు, ప్లాట్లు అమ్మే ఆఫీసు, బిర్యానీ పాయింట్. వేలంలో ఎక్కువ పాడినవాళ్లకు ఇచ్చారట. అంత అద్దె కట్టి కొత్తిమీర కట్టలు అమ్మితే ఎవరికి గిడుతుంది?

బస్తీలో చిన్నమ్మ ఇంటి ముందుగదే కిరాణా కొట్టు. పాల ప్యాకెట్లు, ఉల్లిగడ్డలు, పది రూపాయల నూనె, చాయ్‌పత్తా. గోడకు మేకు, మేకుకు ఖాతా పుస్తకం. "శనివారం పైసలు రాంగనే ఇస్తా అక్కా" అంటే రాసుకునేది. ఆ పుస్తకం మీద మా చెల్లెళ్లిద్దరి చదువు నడిచింది, చుట్టుపక్కల ఇరవై ఇళ్ల పొయ్యి కూడా. గుడిసె పోయింది, ఫ్లాటు వచ్చింది, ఫైల్లో లెక్క సరిపోయింది. పోయిన కొట్టు మాత్రం ఏ కాలమ్‌లోనూ లేదు. ఏడో అంతస్తులో ఇంట్లో పెట్టుకుని అమ్మి చూసింది. లిఫ్టు ఆగిన రోజు పెరుగు ప్యాకెట్ కోసం ఎవరెక్కుతారు?

కాలనీల్లో దుకాణాలకు లెక్కే లేదా అంటే అదీ ఉంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 మార్గదర్శకాల్లో 5 వేల మందికి ఒక చిన్న దుకాణాల సముదాయం, 15 వేల మందికి ఒక స్థానిక మార్కెట్ అని రాసుంది. హైదరాబాద్ శివార్లలో 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీనే తీసుకోండి. 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. ఇంటికి నలుగురనుకున్నా 60 వేలు దాటుతారు, అంటే చిన్న సముదాయాలే పన్నెండు కావాలి. ప్లాన్‌లో చూపినవి 3 కాంప్లెక్సులు, 118 కొట్లు. అసలు చూపించారు, అది మంచిదే. కానీ 130 ఇళ్లకు ఒక కొట్టు వచ్చినా, అవన్నీ మూడు చోట్లే ఉంటే చివరి బ్లాకు ముసలమ్మకు అవి పక్క ఊళ్లో ఉన్నట్టే. 2014 వీధి వ్యాపారుల చట్టం వార్డు జనాభాలో 2.5 శాతం దాకా బండ్లవాళ్లకు చోటు చూపమంటుంది. 60 వేలకు ఆ లెక్కన 1,500 మంది. ఏ కాలనీ డ్రాయింగులో అయినా ఒక్క తోపుడుబండి ఆగే జాగా గీశారా?

మా తమ్ముడు సింగపూర్‌లో హెచ్‌డీబీ ఫ్లాటులో అద్దెకుంటాడు. అదీ సర్కారు కట్టిన ఇల్లే. లిఫ్టు దిగి చెప్పులు అరగకముందే కొట్టు. పట్టణానికొక పెద్ద కేంద్రం, పేటకొకటి, బ్లాకుల కింద నాలుగైదు షాపులు, ఇలా మూడు మెట్లలో ముందే గీసుకుంటారు. 1970ల నుంచి వీధి బండ్లవాళ్లను పైకప్పు, నల్లా, మోరీ ఉన్న కేంద్రాల్లోకి మార్చినప్పుడు పాతవాళ్లకు అద్దె తగ్గించి ఇచ్చారు. వాళ్ల దగ్గర డబ్బుంది, నిజమే. కానీ అద్దె తగ్గించి ఇవ్వడానికి ఎంత డబ్బు కావాలి?

యాప్‌లో పెడితే పది నిమిషాల్లో వస్తుందిగా అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. యాప్ అప్పు రాసుకుంటుందా సార్? ఐదు రూపాయల పచ్చిమిర్చి తెస్తుందా?

నా మాట ఒక్కటే: వేలం ఆపండి. బస్తీలో కొట్టో, బండో, కుట్టుమిషనో నడిపినవాళ్ల జాబితా ఖాళీ చేయించే రోజే రాసుకోండి, కాలనీలో మొదటి కొట్లు వాళ్లకే ఇవ్వండి. మూడేళ్లు నామమాత్రపు అద్దె చాలు. పెద్ద షటర్లు వద్దు, పది అడుగులకు పది అడుగులు చాలు. గేటు దగ్గర కాకుండా, బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో కట్టండి. గిర్ని, మందుల షాపు, రేషన్ దుకాణం ఆ వరసలోనే ఉండాలి. వారానికోసారి అంగడికి ఒక చదును జాగా, అందులో ఒక వేపచెట్టు.

చిన్నమ్మ ఖాతా పుస్తకం ఇప్పుడు అల్మారాలో బట్టల కింద ఉంది. తీసి చూపించింది. చివరి పేజీలో పదకొండు పేర్లు. వాళ్లలో నలుగురికి ఇదే కాలనీలో ఇళ్లొచ్చాయి, ఏ బ్లాకో ఆమెకు తెలియదు.

ఇలాంటి కాలనీల్లో ఉంటున్నవాళ్లు చెప్పండి: పొద్దున పాల ప్యాకెట్ కోసం ఎంత దూరం నడుస్తున్నారు? మీ కాంప్లెక్సులో ఎన్ని షటర్లు తెరిచి ఉన్నాయి? అన్నీ రాసుకుని మా కార్పొరేషన్ ఆఫీసులో దరఖాస్తుతో పాటు ఇస్తాను.