సన్మానం సరే, సబ్బు ఏది?

మురుగు కాలువ పొంగితే గంటలో ఫోన్ల మీద ఫోన్లు వెళ్తాయి. దాన్ని బాగుచేసిన మనిషి పక్కన కూర్చోవాల్సివస్తే మాత్రం జనం సీటు మారుతారు. చెత్త ఎత్తేవారు, శవాలను కడిగేవారు, పశువులను కోసేవారు, అందరిదీ ఇదే అనుభవం. సమాజం తనకు అవసరమైన పనులను కొందరికి అప్పగించి, ఆపై వాళ్లనే దూరం పెడుతుందని అమెరికన్ సామాజికవేత్త ఎవరెట్ హ్యూస్ గత శతాబ్దంలోనే రాశారు. అలాంటి పనులకు ఆయన వాడిన మాట 'మురికి పని'.

ఈ వృత్తుల్లో నీతి గురించి చర్చ వస్తే వేలు ఎప్పుడూ పనిచేసేవాడినే చూపిస్తుంది. మార్చురీలో శవానికి డబ్బులడిగాడని తిడతాం. అడగడం తప్పే. అతని జీతం ఏ నెలకానెల అందుతోందా అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. బంధువులు లోపలికి రాకముందే పోయినవారి జుట్టు సర్ది, మెడదాకా దుప్పటి కప్పే మనిషి కూడా అక్కడే ఉంటాడు. ఆ మర్యాద ఎవరూ చూడరు, దానికి రికార్డూ ఉండదు.

చట్టం ఒక్కటే ఈ మచ్చను చెరపలేదు. తోలు పని, పశువధ, శవ సంస్కారం చేసే వర్గాల అంటరాని హోదాను జపాన్ 1871లోనే ఉత్తర్వుతో రద్దు చేసింది. వందేళ్లు దాటాక, 1975లో ఒక సంగతి బయటపడింది. ఆ వర్గాలు ఉండే వాడల పేర్ల జాబితాలను కంపెనీలు రహస్యంగా కొని, ఉద్యోగానికి వచ్చినవారి మూలాలు వెతుకుతున్నాయి. తోలు ముట్టని మనవడిని కూడా తాత పని వెంటాడింది.

మర్యాదలా కనిపించే అన్యాయం ఇంకొకటి ఉంది. శాలువా కప్పి 'మీరు దేవుళ్లు' అనడం. దేవుడన్నాక జీతం పెంచమనడు, గ్లౌజులు లేవని పని ఆపడు, యూనియన్ పెట్టడు. చవకగా తేలిపోయే పొగడ్త అది. 1968లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు కార్మికులు చనిపోయాక, సుమారు 1,300 మంది సమ్మెకు దిగారు. వాళ్ల అట్టల మీద ఉన్నది ఒక్కటే: 'నేను మనిషిని'. రెండు నెలలకు నగరం వాళ్ల యూనియన్‌ను గుర్తించి జీతాలు పెంచింది.

యంత్రం దిగగలిగిన చోటికి మనిషిని దించకూడదు. చేతులతోనే చేయాల్సిన పనికి గ్లౌజులు, బూట్లు, పని ముగిశాక స్నానానికి వేడినీళ్లు, సబ్బు ఇవ్వాలి. ఆ స్నానానికి పట్టే సమయాన్ని కూడా డ్యూటీ కిందే లెక్కగట్టాలి. ఇందుకు నిధుల్లేవనే సంస్థలు ఈ ఏడాది సన్మాన సభ ఖర్చును ఇటు మళ్లించవచ్చు.