బండికి అభిషేకం, చైన్‌కు ఉపవాసం

హైదరాబాద్ నుంచి లడఖ్ దాకా బండి మీద వెళ్లే భక్తులకు ఈమధ్య కొత్త ఆచారం ఒకటి పట్టుకుంది. మనాలి దాటాక వాగు కనిపిస్తే చాలు, బండిని నీళ్ల మధ్యలో నిలబెట్టి షాంపూతో అభిషేకం చేయాలి. విధి ప్రకారం ముందు ఒకడు డ్రోన్ ఎగరేస్తాడు. ఇంకొకడు షాంపూ ప్యాకెట్లు పళ్లతో చింపుతాడు. మూడోవాడు చలికి వణుకుతూనే ట్యాంకు మీద గంభీరంగా రుద్దుతాడు. "నురగ చాల్లేదురా, మళ్లీ తీద్దాం" అని డ్రోన్ పూజారి కేకేస్తే ఇంకో నాలుగు ప్యాకెట్లు. ఈలోగా ఎవడో సైలెన్సర్‌కు కూడా తలంటేశాడు.

ఇంత చేసీ చైన్ మొహం చూసినవాడు లేడు. పాపం, అది నాగ్‌పూర్ దాటినప్పటి నుంచీ కిర్రుకిర్రుమంటూనే ఉంది. అయిదారు వందల కిలోమీటర్లకోసారి, వానో వాగో తగిలితే ఇంకా ముందే, కిరసనాయిల్ గుడ్డతో తుడిచి లూబ్ (చైన్‌కు వేసే నూనె) కొట్టాలి. సాయంత్రం బండి ఆపగానే, చైన్ వేడిగా ఉండగా కొడితే రాత్రంతా లోపలికి దిగుతుంది. పది నిమిషాల పని. కానీ రీల్‌లో నల్లచేతులు బాగోవు కదా! ఎయిర్ ఫిల్టర్ సంగతీ అంతే. 5,359 మీటర్ల ఎత్తున్న ఖర్దుంగ్ లా కనుమ మీద దొరికే ఆక్సిజనే ఇక్కడి దాంట్లో సగం. ఆ సగాన్నీ దారిలో మోరే మైదానాల నుంచి ఫిల్టర్‌లో చేరిన దుమ్ము అడ్డుకుంటే బండి ఆయాసపడుతుంది. తిట్లు మాత్రం కంపెనీవాడికి.

సరే, నీ చైన్ నీ ఇష్టం. ఆ నీళ్లు నీవి కావు. లేహ్‌లో ఏడాది పొడుగునా కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు, మన దగ్గర ఒక్క రాత్రి గట్టి వాన. అక్కడి ఊళ్లు బతికేదే మంచు కరిగిన నీళ్ల మీద. వసంతంలో చేలకు చాలడం లేదనే లడఖ్ ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ చలికాలపు నీళ్లను మంచు స్తూపాలుగా గడ్డకట్టించి దాచే పని మొదలుపెట్టారు. ఒక్కో చుక్కా అలా దాచుకునే చోట నీ షాంపూ, నీ ఇంజిన్ జిడ్డు కలుపుతావా? దిగువన బార్లీ చేలున్నాయి, పశువులున్నాయి, మనుషులున్నారు. ఎవడబ్బ సొమ్మని?

హెడ్‌లైటు, నంబరు ప్లేటు తడిగుడ్డతో తుడుచుకో, చాలు. నువ్వు వెళ్లింది పెళ్లికి కాదు. మిగతా బురద ఇంటికొచ్చాక వీధి చివర వాటర్ సర్వీసింగ్ కుర్రాడు చూసుకుంటాడు. ప్రెజర్ గన్ వీల్ బేరింగుల దగ్గర పెట్టొద్దని వాడికీ చెప్పు. వినడనుకో.