ఇబిజా నైట్‌క్లబ్బు పైకప్పు గారికి

మహారాజశ్రీ పైకప్పు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు చల్లగా ఉన్నారని తలుస్తున్నాం అని రాయాలనే ఉంది. కానీ జూలై నెలలో రాత్రి రెండింటికి తమరి కింద ఎంత ఉడుకుతుందో తెలిసినవాళ్ళం, అబద్ధం రాయడానికి చెయ్యి రావట్లేదు.

స్పెయిన్ దీవి ఇబిజా పార్టీలకి ఎలా పేరుపడిందని ఎవర్నడిగినా హిప్పీల గురించి చెబుతారు, డీజేల గురించి చెబుతారు, సూర్యాస్తమయం గురించి చెబుతారు. తమరి ఊసెత్తరు. నల్లరంగు పూసుకుని లైట్ల వెనకాల దాక్కుంటారాయె, ఎవరి కంట పడతారు?

ముందు తమరి వంశంలో పెద్దల సంగతి. అక్కడి పల్లె ఇంటిని ఫింకా అంటారు. దాని కప్పుకి సబీనా చెట్టు దూలాలు వేసేవారు. వాటి మీద, ఒడ్డుకి కొట్టుకొచ్చి ఎండిన పొసిడోనియా అనే సముద్రపు గడ్డి మందంగా పరిచేవారు. దానిపైన బొగ్గూ బూడిదా, అన్నిటికన్నా పైన బంకమట్టి. ఎంత ఎండ కాసినా లోపల చల్లగా ఉండేది. వాన పడితే ఆ చదును కప్పు మీది నీళ్ళు వాటంగా జారి తొట్టిలోకి చేరేవి. నీటికి కటకటలాడే దీవిలో కప్పంటే సగం ఇల్లు, సగం చెరువు. తమరు మాత్రం చుక్క నీరు పట్టరు సరికదా, కింద నీళ్ళు అమ్మించే స్థితికి తెచ్చారు. ఆ ముచ్చట తర్వాత.

ఉప్పు మళ్ళ మీదా, చేపల మీదా, కాస్త సేద్యం మీదా బతికిన దీవి అది. ఆస్తి పంపకాల్లో లోపలి పంట భూమి పెద్దకొడుక్కి పోయేదట, ఒడ్డున ఉన్న పనికిరాని ఇసుక మిగతా పిల్లలకి దక్కేదట. 1959లో స్పెయిన్ తన డబ్బు విలువ తగ్గించింది. డాలరుకి 42 పెసెటాలు ఉన్నది 60 అయింది. చల్లదేశాల వాళ్ళకి స్పెయిన్ ఎండ కారుచౌకగా దొరికింది. 1966లో విమానాశ్రయానికి విదేశీ విమానాలు రావడం మొదలైంది. పెద్దాయన పొలం పొలంగానే ఉండిపోయింది, చిన్నవాడి ఇసుకలో హోటళ్ళు మొలిచాయి. మన ఊళ్ళలో బైపాస్ రోడ్డు పడ్డాక అన్నదమ్ముల మధ్య జరిగేది ఇదే, అందుకని పెద్దగా ఆశ్చర్యపోనక్కర్లేదు.

హిప్పీలు కరెంటు లేని ఫింకాల్లో చవకగా అద్దెకి దిగారు. 1973లో పాచా అనే నైట్‌క్లబ్బు వచ్చింది. 1976లో ఆంటోనియో ఎస్కొహొటాడో అనే తత్వవేత్త ఒక పాత ఫింకాని తీసుకుని నడిపిన చోటే అమ్నీషియా అనే క్లబ్బు అయింది. 1978లో ‘కు’ వచ్చింది. (షష్ఠీ విభక్తి కాదండోయ్, క్లబ్బు పేరే అది.) మధ్యలో ఈతకొలను, చుట్టూ డాన్సు, పైన చుక్కలు. అమ్నీషియాలో అయితే పెరడే డాన్సు ఫ్లోరు. తమరు ఇంకా పుట్టలేదు.

గడియారం సంగతి కూడా చెప్పాలి. లండన్‌కి దాదాపు తిన్నగా కిందనే ఉండే ఈ దీవి, 1940లో స్పెయిన్ నియంత ఫ్రాంకో చేసిన మార్పు వల్ల బెర్లిన్ సమయం పాటిస్తుంది. వేసవిలో మిట్టమధ్యాహ్నం గడియారంలో రెండు కొడుతుంటే అవుతుంది. జూన్‌లో పొద్దు గుంకేసరికి 9:20 దాటుతుంది. భోజనం పదింటికి, క్లబ్బు ఒంటిగంటకి. జనం దీన్ని ‘ఇబిజా జీవనశైలి’ అంటారు గానీ, సగం గడియారం ముల్లు చేసిన పనే.

1980ల నడుమ అమ్నీషియాలో ఆల్ఫ్రెడో అనే అర్జెంటీనా డీజే ఉండేవాడు. క్లబ్బు ఖాళీ. ఒకరోజు తెల్లవారుజామున, కూలి డబ్బు కోసం కూర్చున్న పనివాళ్ళ కోసమే పాటలు వేశాడట. ‘కు’ నుంచి ఇంటికి పోతున్నవాళ్ళు ఆ చప్పుడు విని దారిలో ఆగారు. మర్నాడు ఇంకొంతమంది. రాక్, పాప్, రెగె, షికాగో నుంచి వచ్చిన హౌస్ అనే డాన్సు సంగీతం, అన్నీ ఒకే మూకుట్లో వేసి కలిపేవాడు. 1987 వేసవిలో పాల్ ఓకెన్‌ఫోల్డ్, డానీ రాంప్లింగ్, నిక్కీ హాలొవే, జానీ వాకర్ అనే నలుగురు బ్రిటిష్ డీజేలు పుట్టినరోజు పండగకని వచ్చి అది విన్నారు. లండన్ పోయి అలాంటి రాత్రులే మొదలుపెట్టారు. మరుసటి ఏడు నుంచి జనం విమానాల నిండా దిగారు.

అప్పుడు కుమ్మరిపనికి పేరున్న శాన్ రఫేల్ పల్లెకి నిద్ర కరువైంది. అమ్నీషియా, ‘కు’ రెండూ దాని పక్కనే మరి. గోల తగ్గించమని 1990 ప్రాంతంలో నిబంధన వచ్చింది. తమరి శుభ జననం అదీ.

ఇక తమరి పనితనం చూద్దాం. డాన్సు బీటులో ఉండే 50 హెర్ట్జ్ శబ్దం తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. రేకు కప్పు, పలుచని గోడ దాన్ని ఆపలేవు, వాటంతటవే డప్పులై మోగుతాయి. బరువైన కాంక్రీటో, మధ్యలో ఖాళీ వదిలిన రెండు పొరలో కావాలి. తలుపుకి ముందు ఇంకో తలుపు కావాలి, లేకపోతే జనం లోపలికొచ్చినప్పుడల్లా బీటు బయటికి పోతుంది. హాల్లో శబ్దాన్ని కొలిచి, హద్దు దాటితే తనే తగ్గించేసే లిమిటర్ కూడా ఉండాలి.

వేడి సంగతి ఇంకా బాగుంటుంది. గెంతే మనిషి ఒంట్లోంచి 300 వాట్లు సులువుగా వస్తాయి. 5,000 మంది అంటే 15 లక్షల వాట్లు. ఒక టన్ను ఏసీ 3,500 వాట్ల వేడి తోడుతుంది, అంటే 430 టన్నులు కావాలి. మన ఇళ్ళలోని ఒకటిన్నర టన్ను డబ్బాలు 285 పైచిలుకు. ఇందులో లైట్లు, స్పీకర్లు కలపలేదు. చెమటంతా ఆవిరై పైకి లేచి, తమరి చల్లటి ఒంటికి తగిలి మళ్ళీ నీళ్ళై జనం నెత్తిన చుక్కలు చుక్కలుగా పడుతుంది. ‘ఇవాళ పార్టీ అదిరింది, కప్పు కూడా చెమటోడ్చింది’ అని మురిసిపోతారు. తమరు పెట్టిన ఉక్కపోతకి విరుగుడుగా అమ్నీషియాలో మంచుపొగ ఫిరంగులు పేలిస్తే, అదే ఆ క్లబ్బు ప్రత్యేకత అయి కూర్చుంది. ఆరుబయట ఆ ఫిరంగి ఎవడికి కావాలి?

దాహం వేస్తే నీళ్ళ సీసా ఉంది. పెద్ద క్లబ్బుల్లో చిన్న సీసా పది యూరోలు పలకడం మామూలే, అంటే మన డబ్బులో దాదాపు వెయ్యి రూపాయలు. ఎత్తుగా వేసిన వీఐపీ బల్ల దగ్గర కూర్చోవాలంటే వేల యూరోల ఖర్చు.

తర్వాత జరిగింది తమరికి నచ్చదు. 2011లో ప్లాయా డెన్ బోస్సా అనే బీచ్ దగ్గర ఉషువాయియా అనే హోటల్ తన ఈతకొలను చుట్టూ వేదిక కట్టింది. కప్పు లేదు! సాయంత్రం మొదలుపెట్టి అర్ధరాత్రి లోపు ముగించేస్తారు, కాబట్టి నిద్ర గొడవ తక్కువ. 1978లో ‘కు’లో ఉన్న ఈతకొలనూ, ఆకాశమూ మళ్ళీ దిగాయి, ఈసారి హోటల్ గదితో సహా. అక్కడ ఆపగానే జనం రోడ్డు దాటి, 2016లో మూతపడ్డ స్పేస్ అనే క్లబ్బు స్థలంలో వెలసిన హాయ్ క్లబ్బుకి, అంటే మళ్ళీ తమరి కిందికే వస్తారు.

తమరి కింద గ్లాసులు ఎత్తేవాళ్ళ, బల్లలు తుడిచేవాళ్ళ నెత్తిన ఏ కప్పు ఉందో ఎప్పుడైనా కనుక్కున్నారా? వేసవి అద్దెలు కట్టలేక వ్యాన్లలో, గుడారాల్లో పడుకుంటున్నారు. 2024 జూలై చివర్లో శాంటా ఎవులారియా అనే ఊరి దగ్గర అలా ఉంటున్న రెండు వందలమంది దాకా జనాన్ని కోర్టు ఉత్తర్వుతో ఖాళీ చేయించారు. టీచర్లకీ, నర్సులకీ ఇల్లు దొరకడం కష్టంగా ఉంది. దీవిలో అన్నిటికన్నా గట్టి కప్పులు మాత్రం స్పీకర్ల మీద ఉన్నాయి.

పొద్దున ఆరు ప్రాంతంలో పాట కట్టేస్తారు. జూన్‌లో సూర్యుడు వచ్చేది 6:28కి. బయటికొచ్చినవాళ్ళు డిస్కో బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి, చెవుల్లో ఇంకా గుయ్‌మంటుండగా, తూర్పుకేసి చూస్తుంటారు. తమరి వెనకాల అన్నాళ్ళూ ఏముందో ఆ అరగంటలో కనపడుతుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి కింద తడిసినవాళ్ళు

తా.క. శాన్ ఆంటోనిలో రాళ్ళ మీద కూర్చుని సూర్యాస్తమయం ఉచితంగా చూడొచ్చు. కానీ ఆ పట్టణంలో కొన్ని ప్రాంతాల్లో 2020 చట్టం ప్రకారం రాత్రి 9:30 దాటితే దుకాణాల్లో మద్యం అమ్మరు. జూన్‌లో పొద్దు గుంకిన తర్వాత సీసా కొనుక్కుందామంటే పది నిమిషాల లోపే గడువు. అక్కడి వీధిలో తాగితే 2024 నుంచి జరిమానా 500 యూరోల దగ్గర మొదలవుతుంది. నిమ్మసోడా తెచ్చుకోండి.