వంతెనను పట్టుకున్నది మిలీషియాయే
అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీ పట్టణంలో, బానిసత్వాన్ని అంతం చేయాలని ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ తిరుగుబాటును అణచినవారు మెరైన్లేనని (కేంద్ర ప్రభుత్వ నౌకాదళ సైనికులేనని), స్థానిక మిలీషియా (పౌరుల సాయుధ దళం) ప్రేక్షకపాత్రకే పరిమితమైందని వ్యాసకర్త అన్న మాటతో ఏకీభవించలేను. 1859 అక్టోబర్ 17న చార్లెస్‌టౌన్ నుంచి వచ్చిన జెఫర్సన్ గార్డ్స్ అనే మిలీషియా దళం పొటోమాక్ నదిని ఎగువన దాటి, మేరీలాండ్ వైపు నుంచి రైలు వంతెనను మధ్యాహ్నానికల్లా స్వాధీనం చేసుకోవడంతోనే బ్రౌన్ తప్పించుకునే దారి మూసుకుపోయింది. మరునాడు ఉదయం మెరైన్లు బరువైన నిచ్చెనతో బ్రౌన్ తలదాచుకున్న ఇంజిన్ హౌస్ (అగ్నిమాపక యంత్రాల గది) తలుపును బద్దలుకొట్టి కొద్ది నిమిషాల్లోనే పని ముగించగలిగారంటే, అందుకు రంగం ముందురోజే సిద్ధమై ఉంది. అలాగని మిలీషియాను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. బానిసత్వంలో మగ్గుతున్న భార్యాబిడ్డలను విడిపించుకోవాలన్న ఆశతో బ్రౌన్ వెంట వచ్చిన డేంజర్‌ఫీల్డ్ న్యూబీ నేలకూలాక, అతని శవాన్ని గుంపు ఛిద్రం చేసింది. తనను ఎలాగైనా కొనుక్కొమ్మని భార్య హారియెట్ వేడుకుంటూ రాసిన ఉత్తరాలు అతని దగ్గర దొరికాయి. బ్రౌన్ మనుషుల తూటాకు పట్టణ మేయర్ బెక్‌హామ్ మరణించాక, పట్టుబడిన బ్రౌన్ అనుచరుడు విలియం థాంప్సన్‌ను వంతెన మీదికి ఈడ్చుకెళ్లి కాల్చి చంపారు. అంత ఆవేశం చూపినవారు, చివరి దాడికి ముందు అవకాశం మీకే ఇస్తానని మెరైన్లకు నాయకత్వం వహించిన కర్నల్ రాబర్ట్ లీ అడిగినప్పుడు మాత్రం వెనక్కి తగ్గారు. మేరీలాండ్ మిలీషియా అధికారి చెప్పిన కారణం, తనవారికి భార్యాబిడ్డలున్నారని.